తొడిమ తీసే యంత్రం, మూలన నా స్టాంపు

1999లో నా ఆఫీసు కోవిల్పట్టి బస్టాండు ఎదురుగా, మందుల షాపు మేడమీద ఒకే ఒక గది. అందులో ఒక డ్రాఫ్టింగ్ బల్ల, ఒక టైపు మిషను, రెండు ఇనుప బీరువాలు ఉండేవి. ఒక బీరువా గిరాకీల కాగితాలది. రెండోది నా సొంతం. మున్సిపాలిటీకి, కరెంటు ఆఫీసుకు, రైల్వే పార్సిల్ వాళ్లకు, బ్యాంకుకు నేను రాసిన ఫిర్యాదుల నకళ్లు ఏడాదివారీగా కట్టలు కట్టి అందులో పెట్టేవాణ్ణి. జవాబు వచ్చినవి పై అరలో, రానివి కింది అరలో. కింది అర తలుపు సరిగ్గా మూసుకునేది కాదు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇళ్ల ప్లాన్లు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల లైసెన్సుకు కావలసిన డ్రాయింగులు, లేతు షెడ్డుల లేఅవుట్లు గీసేవాణ్ణి. ట్రేసింగ్ షీటు మీద ఇంకుతో గీసి, దాన్నుంచి అమోనియా ప్రింట్లు తీసి ఇవ్వడం పని. ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింది మూలన నా రబ్బరు స్టాంపు పడాల్సిందే. పేరు, డిప్లొమా, ఊరు. దానికో కారణం ఉంది. 1984లో విరుదునగర్ ఇంజనీరొకాయన నేను గీసిన గిడ్డంగి ప్లానును తన పేరుతో దాఖలు చేసి, ఆ గిడ్డంగి ప్రారంభానికి నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. ఆ తర్వాత స్టాంపు లేని కాగితం నా బల్ల దాటింది ఒక్కసారే. ఆ ఒక్కసారి గురించే ఇప్పుడు చెప్పేది.

మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను. విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నా మాట విని, ఇది ఏ కాలపు తెలుగండీ అని పదిమందిలో నవ్వాడు. అందుకని ఇది పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను. ఆయన చదువుతాడనే ఆశ ఉంది.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం పెరుమాళ్సామి నా మెట్లెక్కి వచ్చాడు. విళాత్తికుళం రోడ్డులో వెల్డింగ్ షెడ్డు నడిపేవాడు, ముప్పై రెండేళ్ల మనిషి. కింద మూడు చక్రాల బండి మీద గోనెపట్టా కప్పిన వస్తువొకటి ఉంది. పట్టా తీయకముందు రోడ్డుకు అటూ ఇటూ చూశాడు.

"దీన్ని బొమ్మ గీసియ్యాలన్నా," అన్నాడు. "మెడ్రాసుకు పంపేదానికి. పేటెంటు అంటారే, అది."

అది ఎండుమిరపకాయలకు తొడిమ తీసే యంత్రం. చేత్తో తిప్పేది. విళాత్తికుళం నల్లరేగడిలో పండే గుండు మిరప విరుదునగర్ మండీలకు పోతుంది. తొడిమ తీసిన కాయకు ధర వేరు. ఆ తొడిమలు తీసేది ఆడవాళ్లు, వేళ్లతో. ఇంతకు ముందు కొందరు బ్లేడుతో కోసే యంత్రాలు చేశారు గాని, బ్లేడు కాయ భుజాన్ని కోసేది, గింజ రాలేది, మండీలో కాయను పక్కకు నెట్టేవాళ్లు. పెరుమాళ్సామి బ్లేడు తీసేశాడు. దానికి బదులు రెండు ఇనుప గొట్టాలకు సైకిలు ట్యూబు తొడిగి, ఒకదానికొకటి ఎదురుగా లోపలికి తిరిగేట్టు బిగించాడు. మధ్య సందులో తొడిమ దూరుతుంది, కాయ దూరదు. రెండు రబ్బరు గొట్టాలూ తొడిమను పట్టి గుంజేస్తాయి. వేళ్లు చేసే పనే. ముందురోజు సాయంత్రం కాయల మీద కాస్త నీళ్లు చల్లి పదును చేస్తే ఒక్క కాయా చిట్లదు.

చేసి అమ్ముకోక పేటెంటు ఎందుకని అడిగాను.

"నేను నెలకి రెండు చేస్తానన్నా. విరుదునగర్లో ఒగడు చూసినాడంటే నెలకి ఇరవై చేస్తాడు. కడాకి నేనే వాణ్ణి చూసి చేసినానంటారు. ఇది నేను చేసింది అని ఒగ కాగితం కావాల, అంతే."

రెండోసారి తన భార్య రామలక్ష్మిని వెంట తెచ్చాడు, యంత్రాన్ని నడిపి చూపడానికి. పెళ్లికి ముందునుంచీ ఆమె తొడిమల పనిలోనే ఉంది. నేను కొలతలు తీసుకుంటుంటే ఆమె చేతులు బల్ల అంచున పెట్టుకుని నిలబడింది. వేళ్ల చివర్లు నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయి.

"మెరపకాయ పట్టిన చేత్తో బిడ్డ మొగం తుడిచేదానికి లేదన్నా," అంది. "మజ్జిగలో ముంచినా పోదు ఆ మంట. నా బిడ్డ నేను దగ్గరికి పోతే మొగం తిప్పుకుంటాది. వాళ్లవ్వ పిలిస్తే పరిగెత్తుతాది. అది చూసి చేసినాడు ఈయన."

పేటెంటు పనిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి స్పెసిఫికేషన్, అంటే యంత్రం ఏమిటో, ఎలా పనిచేస్తుందో వివరించే రాత. రెండోది దాని చివర వచ్చే క్లెయిమ్. పొలానికి గట్టు ఎలాగో దానికి క్లెయిమ్ అలాగ. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా నాది అని ఒకే పొడుగాటి వాక్యంలో చెప్పాలి. ఇవి రాయడానికి పేటెంట్ ఏజెంట్లని ఉంటారు. చెన్నైలో ఒక ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఆయన అడిగిన డబ్బుతో పెరుమాళ్సామి మరో మూడు యంత్రాలు చేసుకోవచ్చు. పైగా ఆయన, ఆ ఊళ్లో ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి అన్నాడు. నేను ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాను. ఫోన్ పెట్టేశాను.

చట్టప్రకారం కనిపెట్టినవాడు తన దరఖాస్తు తానే వేసుకోవచ్చు. మదురైలో పాత పుస్తకాల అంగట్లో కొన్న పేటెంటు నిబంధనల పుస్తకం నా దగ్గర ఉంది. అది చూసి అంతా నేనే తయారుచేశాను. పదిహేను రోజులు పట్టింది. ఇంత మంచి డ్రాయింగు నేను మళ్లీ గీయలేదు. యంత్రం మొత్తం ఒక షీటు, రబ్బరు గొట్టాల కోత చిత్రం ఒక షీటు. మూలన స్టాంపు.

ఒక సంగతి పెరుమాళ్సామికి గట్టిగా చెప్పాను. దరఖాస్తు పడక ముందు యంత్రాన్ని జనానికి చూపినా, దాని బొమ్మ అచ్చయినా అది ఇక కొత్తది కాదు, పేటెంటు రాదు అని. సరే, పంపినాకనే చూపిస్తా అన్నాడు. అప్పటికింకా నలుగురిలో ఆ గోనెపట్టా తీసేవాడు కాదు.

సెప్టెంబరు మొదటి వారంలో రిజిస్టర్డ్ పోస్టులో కవరు పంపాం. అందినట్టు ఎకనాలెడ్జిమెంటు కార్డు వచ్చింది. అక్టోబరులో ఆయుధ పూజ. ఆ రోజే యంత్రానికి తొలి పూజ చేసి, ఊరందరి ముందూ తిప్పి చూపాలని పెరుమాళ్సామి నిశ్చయించుకున్నాడు.

ఇక్కడ మా ప్రాంతపు అలవాటొకటి చెప్పాలి. శివకాశి అచ్చు యంత్రాలు కూతవేటులో ఉండటం వల్లనో ఏమో, మా వైపు ఆహ్వాన పత్రిక కొట్టించకుండా ఏ కార్యమూ జరగదు. చెవులు కుట్టినా, బోరు వేసినా, పాత లారీ కొన్నా పత్రికే. మేనమామ పేరు అన్నిటికన్నా పైన ఉండాలి. యంత్రానికి కావలసిన ఇనుప రేకు ఇచ్చింది పెరుమాళ్సామి మేనమామే. మామ పేరు అచ్చులో పడకుండా మిషను తిరగదన్నా అని నవ్వాడు. పత్రిక అట్ట మీద వెయ్యడానికి యంత్రం బొమ్మ కావాలని ప్రెస్సువాళ్లు అడిగితే నా దగ్గర ఒక ప్రింటు తీసుకెళ్లాడు.

సెప్టెంబరు చివరి సోమవారం, మేము పంపిన కవరు మొత్తం నాకే తిరిగొచ్చింది. ఉత్తరాలు నా చిరునామాకే రావాలని రాశాను గనుక. లోపల చిన్న చీటీ. అందులో రెండు అంశాలు. ఒకటి, ఫీజు తక్కువ పడింది, పూర్తి ఫీజు అందేదాకా దరఖాస్తు దాఖలైనట్టు కాదు. రెండు, డ్రాయింగుల మీద దరఖాస్తుదారు పేరు, సంతకం తప్ప మరెవరి పేరూ ఉండరాదు, కనుక మూలనున్న స్టాంపు లేకుండా మళ్లీ గీసి పంపాలి.

నేను రెండోది ముందు చదివాను. నిజానికి చాలా రోజుల వరకు రెండోదే చదివాను. ఆ ఏడే ఫీజులు పెరిగాయి, నా పుస్తకం పాతది. అది సరిచెయ్యడం ఒక డిమాండ్ డ్రాఫ్టు పని. స్టాంపు సంగతి అలా తోచలేదు. గీసినవాడి పేరు ఉండకూడదని ఏ నిబంధన చెబుతోందో చూపమంటూ మూడు పేజీల ఉత్తరం టైపు చేశాను. 1984 గిడ్డంగి సంగతి కూడా అందులో రాశాను. జవాబు వచ్చాక ఫీజూ డ్రాయింగూ కలిపి పంపుదామనుకుని కవరును నా బీరువాలో, నా అరలో పెట్టాను. గిరాకీల బీరువాలో కాదు.

నాలుగు రోజులకు పెరుమాళ్సామి పత్రిక ప్రూఫు తెచ్చాడు. పసుపు అట్ట మీద ఎర్రరంగులో నా డ్రాయింగు. గొట్టాల మధ్య సందుతో సహా అన్నీ తేటగా పడ్డాయి. కుడివైపు మూలన నా స్టాంపు అక్షరాలు చదవగలిగేట్టు ఉన్నాయి. నాకు సంతోషమేసింది. మామ ఇనీషియల్ తప్పు పడితే నేనే దిద్దాను.

"పంపించేసినారు గదా అన్నా?" అన్నాడు.

"పంపించేసినా."

"నెంబరు వచ్చిందా?"

"వస్తాది."

అబద్ధం ఒక్కటీ లేదు. ఈ నాలుగు మాటల్నీ నేను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో లెక్కలేదు.

పత్రికలు పంచడానికి ఇద్దరం విరుదునగర్ వెళ్లాం. రామలక్ష్మి ఏళ్లతరబడి తొడిమలు తీసిన మండీ యజమానికి మొదటి పత్రిక ఇవ్వాలని ఆమె పట్టు. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ము పెట్టి, పత్రిక పైన పెట్టి, రెండు చేతులా ఇచ్చాడు పెరుమాళ్సామి. యజమాని మమ్మల్ని కూర్చోమనలేదు. పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పత్రిక అట్టను చాలాసేపు చూశాడు. ఈ రెండు గొట్టాలూ ఎదురెదురుగా తిరుగుతాయా అని అడిగాడు. పెరుమాళ్సామి చేతులతో తిప్పి చూపించాడు. యజమాని తలూపి, పత్రికను సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ గౌరవానికి మా వాడు బస్సులో దారంతా మురిసిపోయాడు. నేను ఖాళీ కుర్చీల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

పూజ బాగా జరిగింది. యంత్రానికి గంధం పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టారు. రామలక్ష్మి పిడి తిప్పింది. తొడిమలు ఒకవైపు, కాయలు ఒకవైపు రాలుతుంటే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కాయను తీసి భుజం చిట్లిందేమో చూసుకున్నారు. విరుదునగర్ నుంచి యజమాని రాలేదు. తన మేస్త్రీని పంపాడు. అతను కొలిచే టేపు తెచ్చుకున్నాడు.

నవంబరులో చెన్నై నుంచి జవాబు వచ్చింది, ఒకే వాక్యం. మా మునుపటి చీటీ చూడండి అని. డిసెంబరులో స్టాంపు లేకుండా డ్రాయింగు మళ్లీ గీసి, పూర్తి ఫీజుతో పంపాను. నంబరు వచ్చింది. నంబరు వచ్చిందని పెరుమాళ్సామికి చెప్పాను. ఆయన తారీఖు అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా గడిచాయి. ఎగ్జామినర్ అభ్యంతరాలు పంపేవాడు, మేము వాక్యాలు మార్చి పంపేవాళ్లం. ప్రతిసారీ గడువు, గడువు దాటితే పొడిగింపుకు మళ్లీ ఫీజు. రెండుసార్లు రామలక్ష్మి చెవికమ్మలు కుదువకు వెళ్లాయి. ఈలోగా విరుదునగర్‌లో మండీ యజమాని అల్లుడి వర్క్‌షాపులో అచ్చం అవే యంత్రాలు వచ్చాయి, మోటారు బిగించి, ఆకుపచ్చ రంగు వేసి. పెరుమాళ్సామి నా దగ్గరికి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, పేటెంటు రానీ, అప్పుడు అడుగుదాం అని తనకు తానే చెప్పుకుని వెళ్లేవాడు. అప్పటి నియమం ప్రకారం, దరఖాస్తు ఆమోదం పొందితే గెజెట్‌లో ప్రకటిస్తారు. నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకించవచ్చు. దాన్ని అపోజిషన్ అంటారు. 2004లో మాది గెజెట్‌లో పడింది. పెరుమాళ్సామి నాకు కిలో కడలైమిట్టాయి, అదే, వేరుశెనగ పట్టీ తెచ్చిచ్చాడు. మూడో నెలలో అపోజిషన్ కాగితాలు వచ్చాయి. వేసింది అల్లుడు. జతచేసిన మొదటి సాక్ష్యం, మేము పళ్లెంలో పెట్టి ఇచ్చిన పసుపు పత్రిక.

విచారణకు చెన్నై వెళ్లాం. నేను ఏజెంటును కాను గనుక వాదించడానికి లేదు, తోడుగా కూర్చోవచ్చు. అధికారి నెమ్మదస్తుడు. పెరుమాళ్సామితో అరవంలోనే మాట్లాడాడు. ఈ పత్రిక మీదేనా అని అడిగాడు. నాదే అన్నాడు. ఎప్పుడు పంచారు అంటే ఆయుధ పూజకు ముందు అన్నాడు. దరఖాస్తు డిసెంబరుది కదా అన్నాడు అధికారి.

"లేదయ్యా, సెప్టెంబరులోనే పంపినాం," అని పెరుమాళ్సామి నా వైపు తిరిగాడు. "అన్నా, ఆ కార్డు ఉంది గదా? చూపించండి."

కార్డు నా సంచిలో ఉంది. తిరిగొచ్చిన చీటీ కూడా. ఒకటి చూపితే రెండోది అడుగుతారు. రెండూ తీసి బల్ల మీద పెట్టాను. అధికారి చీటీ చదివి, ఫీజు చాలని దరఖాస్తు దాఖలైనట్టు కాదు, పత్రికే ముందు వచ్చింది అన్నాడు. అవతలి వకీలు పత్రిక మూలన ఉన్న స్టాంపు మీద వేలు పెట్టి నా పేరు పైకి చదివి, ఈ ఇంగ్లీషు అక్షరాలు మీవేనా అని నన్ను అడిగాడు. అవునన్నాను. నా పేరు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గట్టిగా చదవడం అదే మొదలు.

బయట టీ కొట్టు దగ్గర పెరుమాళ్సామి గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, తాగలేదు.

"ఆ కవరు ఎప్పుడు వచ్చిందన్నా?"

"పూజకి మూడు వారాలు ముందు."

"మూడు వారాలు," అన్నాడు. "చెప్పింటే నేనే రైలెక్కి వచ్చి కట్టేసి పోయింటానే. లేకుంటే పత్రికలన్నీ పొయ్యిలో పెట్టి ఇంకో దినం చూసుకొని ఉంటా. మామ ఒగడే అలిగేది."

స్టాంపు గురించీ, ఆ ఆఫీసుకు నేను రాసిన ఉత్తరం గురించీ చెప్పబోయాను. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఇద్దరి డబ్బూ తనే ఇచ్చాడు. తిరుగు బస్సులో నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. కోవిల్పట్టి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. కయత్తారు వైపు గాలిమరలు చూసే అలవాటు, అవి ఎలా తిరుగుతాయో నాతో వాదించే అలవాటు ఉన్నవాడు. వాటి రెక్కలు తీసుకెళ్లే పొడుగు లారీ మాకు అడ్డమొస్తే మొహం తిప్పుకున్నాడు.

పేటెంటు నిరాకరించారు. నెల తర్వాత ఆయన షెడ్డుకు వెళ్లాను. ఆయన లేడు. రామలక్ష్మి ఉంది. వాకిట్లో మూడు ఆకుపచ్చ యంత్రాలు రిపేరుకు వచ్చి ఉన్నాయి, వాటి పక్కలమీద విరుదునగర్ వర్క్‌షాపు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

"చేతులు మండేది నిలిచిపొయ్యింది గదమ్మా, అది చాలు అంటారు ఊళ్లో," అంది ఆమె. "నాకు చాల్లేదన్నా. వాడి పేరు ఉండే మిషన్ని నా మొగుడు పండుకొని బిగిస్తా ఉండాడు. సుమ్మా, ఊరికే నట్లు బిగించేదానికి పెట్టుకున్నారు ఈయన్ని."

కూర్చోమంది. కుర్చీ తెచ్చి వేసింది కూడా. కూర్చోలేకపోయాను.

ఇతరులు నాకు చేసిన అవమానాల జాబితా నా దగ్గర పక్కాగా ఉంది. చెన్నై ఏజెంటు, ఖాళీ కుర్చీల యజమాని, ఒకే వాక్యం రాసిన ఆఫీసు. ఫీజు పెంచినప్పుడు చిన్న ఊళ్లవాళ్లకు తెలిసేదెట్లా అని నేను వేసిన ఫిర్యాదుకు ఇప్పటికీ జవాబు లేదు, దాన్ని నేను వెనక్కి తీసుకోనూ లేదు. అందులో న్యాయం ఉంది. ఒక పేదవాడు కనిపెట్టినదాన్ని కాపాడుకోవాలంటే దాన్ని చేసినదానికన్నా ఎక్కువ ఖర్చు కావడం తప్పే. కాని ఆ మూడు వారాలు కవరు ఏ ఆఫీసులోనూ లేదు. నా బీరువాలో ఉంది.

2009లో పెరుమాళ్సామి మా ఇంటికి పళ్లెంతో వచ్చాడు. రామలక్ష్మీ వచ్చింది. ఈసారి పత్తికాయ ఒలిచే యంత్రం. పత్రిక అట్ట మీది బొమ్మను విరుదునగర్‌లో ఎవరో కుర్రాడు కంప్యూటర్లో గీశాడు. నన్ను అడగలేదు. మూలన ఏ స్టాంపూ లేదు. అన్నిటికన్నా పైన, మేనమామ పేరుకు కూడా పైన, పేటెంటు దరఖాస్తు నంబరు, దాఖలైన తారీఖు అచ్చువేయించాడు.

"తనే మెడ్రాసుకి పొయ్యి కౌంటర్లో కట్టి, రశీదు చేత్తో తీసుకోనొచ్చినాడన్నా," అంది రామలక్ష్మి. "నెంబరు నాకంటే పెద్ద మామనా అని మామ రెండు దినాలు తినలేదు."

పెరుమాళ్సామి నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక భూతద్దం పెట్టి ఆ బొమ్మలో తప్పులు వెతికాను. ఒక పళ్లచక్రానికి పళ్లు రెండు తక్కువ గీశారు. అది ఎవరికీ చెప్పలేదు. పెరుమాళ్సామి నన్ను కాదని కంప్యూటర్ కుర్రాడి దగ్గరికి వెళ్లిన సంగతి జాబితాలో రాయడానికి నోటుబుక్కు తెరిచాను కూడా. ఏ శీర్షిక కింద రాయాలో తెలియక మూసేశాను.

ఇప్పుడు నా గదిలో ఒకే బీరువా ఉంది. ఏ ఆఫీసు నుంచైనా కాగితం తిరిగొస్తే, అది చదవడం పూర్తికాక ముందే దాని సొంతదారుకు ఫోన్ చేస్తాను. కోపం తెచ్చుకోవడం ఆ తర్వాత. కోపం ఏమీ తగ్గలేదు, ఫోన్ మాత్రం ముందుకొచ్చింది.